ఖాళీగా ఉండటానికి కట్టిన చెరువు

మూసీ కథ: ఆరో భాగం

గత భాగాన్ని పురానాపూల్ కమానుల దగ్గర ఆపాం. అక్కడి నుంచి ఏటికి ఎదురెక్కి పడమరకు పోతే లంగర్‌హౌస్ బాపూఘాట్ వస్తుంది. గాంధీజీ చితాభస్మం కలిపిన సంగమం అది. ఎడమ చేతి వైపు నుంచి ఈసీ, కుడి చేతి వైపు నుంచి మూసీ వచ్చి ఇక్కడ ఒకటవుతాయి. ఈసీకి అడ్డంగా హిమాయత్‌సాగర్, మూసీకి అడ్డంగా ఉస్మాన్‌సాగర్ ఉన్నాయి. ఉస్మాన్‌సాగర్ అన్నది కాగితాల మీది పేరు, జనం నోట అది గండిపేట చెరువే. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ విడిచిపోడని ఒక మాట కూడా పుట్టింది. ఊరి మీద ప్రేమతో అన్న మాటే గాని, చరిత్ర చదివేవాణ్ని అది కాస్త పక్కదారి పట్టిస్తుంది. ఈ చెరువును మనం తాగే నీటితో గుర్తుపెట్టుకున్నాం. కట్టించింది మాత్రం వరద. వరదను పట్టాల్సిన చెరువులో చోటు ఖాళీగా ఉండాలి. దాహం తీర్చాల్సిన చెరువు నిండుగా ఉండాలి. ఇక ఒడ్డున కూర్చుని చూడటానికైతే నీరు ఎక్కకుండా, తగ్గకుండా ఒకే మట్టంలో నిలవాలి. ఒక్క కట్ట వెనక ఈ మూడూ కలిసి ఇమడవు. నూరేళ్లలో ఏ అవసరానిది పైచేయి అయితే గేట్లు దాని మాటే విన్నాయి. ఆ పోటీలో ప్రతిసారీ వెనకబడింది ఖాళీ చోటే. అది కంటికి ఆనదు, దానికి బిల్లు రాదు, దాని పక్కన నిలబడి ఎవరూ ఫొటో దిగరు.

ముందు ఆ వరద సంగతి. 1908 సెప్టెంబర్ చివర బంగాళాఖాతం నుంచి వచ్చిన వాయుగుండం దక్కన్ మీద నిలిచిపోయింది. శంషాబాద్ వానమానిలో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన నమోదైంది. అంటే రెండు రోజుల్లో 48 సెంటీమీటర్లు. సెప్టెంబర్ 28 తెల్లవారేసరికి మూసీ గట్లు దాటి అఫ్జల్‌గంజ్, కోల్సావాడీ, ఘాన్సీబజార్ వైపు ఇళ్ల మీదుగా పారుతోంది. నాలుగు వంతెనల్లో మూడింటి మీద రాకపోకలు తెగిపోయాయి. నిలబడింది అన్నిటికంటే పాతదైన పురానాపూల్. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి కూలింది. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు కొమ్మలు పట్టుకుని నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురినీ ఆ నీళ్లలోనే పోగొట్టుకున్నాడు. కూలిన ఇళ్లు 19 వేలు, నిలువ నీడ లేకుండా పోయినవారు 80 వేలు. అప్పటి జనాభాలో సుమారు ఆరో వంతు నుంచి నాలుగో వంతు దాకా అంచనాలున్నాయి. చనిపోయినవారిని 10 వేలంటారు కొందరు, 15 వేలంటారు కొందరు. పాతబస్తీ దాన్ని వరద అనలేదు, తుగ్యానీ అంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ నది ఒడ్డున నిలబడి మూసమ్మకు పూజ చేశాడన్న కథ ఇంటింటా ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా, దివాన్ మహారాజా కిషన్ పర్షాద్ హయాంలో మహళ్ల తలుపులు తెరిచి అన్నం పెట్టిన మాట నిజం.

ఇంత నష్టానికి వాన ఒక్కటే కారణమా? మరుసటి ఏడు హైదరాబాద్ వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య మొదట వేసుకున్న ప్రశ్న అదే. ఆయన అప్పటికి బొంబాయి ప్రభుత్వ కొలువు వదిలి యూరప్ పర్యటనలో ఉన్నారు. నిజాం ప్రభుత్వం కబురు అక్కడే అందింది. 1909 ఏప్రిల్‌లో పని మొదలుపెట్టి, ఎగువ నేలంతా కొలిపించి, నగరానికి పైన మూసీ, ఈసీ నదుల పరివాహక ప్రాంతం సుమారు 860 చదరపు మైళ్లని తేల్చారు. అందులో 788 చెరువులున్నాయి, అంటే దాదాపు చదరపు మైలుకో చెరువు. ఆ రెండు రోజుల్లో 221 చెరువులు తెగాయి. గొలుసుకట్టు చెరువుల సంగతి తెలిసినవారికి దీని అర్థం విడమరచి చెప్పనక్కర్లేదు. పై చెరువు అలుగు నీరు కింది చెరువుకు ఆదరువు. పై చెరువు కట్టే తెగితే అదే నీరు కింది కట్టకు గండం. మామూలు వానలకు ఈ గొలుసు నీటిని పొలాల్లోకి మళ్లిస్తూ నదికి వరద రాకుండా చేస్తుంది. కట్టలు బలంగా ఉన్నంతకాలం అది రక్షణ. ఒక్కసారి తెగడం మొదలైతే, రోజుల తరబడి రావాల్సిన నీరు గంటల్లో వచ్చిపడుతుంది. నగరం దగ్గర ఆ వరద ఉధృతిని 4.25 లక్షల క్యూసెక్కులుగా ఆయన అంచనా వేశారు. ఎండాకాలంలో మోకాలి లోతు లేని ఏరు అది. ఈ అంకెల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది 221. నగరాన్ని ముంచింది నగరంలో జరిగిన తప్పు కాదు. అరవై, డెబ్భై కిలోమీటర్ల పైన ఊళ్లలో కట్టల మీద జరిగిన సంగతి.

అందుకే ఆయన చెప్పిన మందు కూడా ఊరి బయటే ఉంది. నగరంలో గోడలు ఎత్తుగా కట్టి నదిని బిగించమని సలహా ఇచ్చి ఉంటే ఖర్చు కంటికి కనిపించేది, పాలకులకు పేరు వచ్చేది. ఆయన గోడలు కట్టమన్నారు, ఒడ్డు వెంట తోటలు, నడకబాటలు వేయమని కూడా అన్నారు. అయితే ముందు మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి వరద జలాశయాలు ఎగువన కట్టాలన్నారు. వరద వచ్చినప్పుడు పట్టుకుని, నది మోయగలిగినంతే కిందికి వదలాలి. ఈ క్రమాన్ని గుర్తుంచుకోవాలి, తరవాత మళ్లీ దీని దగ్గరికి రావాల్సి ఉంటుంది. మొదట చెరువు, ఆ తర్వాతే తోట. 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1913లో గండిపేట పని మొదలై 1920లో ముగిసింది. యువరాజు హిమాయత్ అలీఖాన్ పేరు పెట్టిన రెండో జలాశయం 1927 నాటికి సిద్ధమైంది, ఆ పనిలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ హస్తం పెద్దది. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు ఒడ్డు సంగతి చూసింది. హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి, సిటీ కాలేజీ, తరవాత అసఫియా గ్రంథాలయం, అన్నీ ఒకప్పుడు వరద పారిన చోటే వరసగా లేచాయి. కింద ఆ భవనాలు కట్టగలిగారంటే పైన కట్టల మీద ఉన్న నమ్మకమే కారణం.

అసలు మెలిక ఇక్కడే పడింది. నీళ్లున్న చెరువు ఎదురుగా ఉంటే దాహంతో ఉన్న నగరం ఊరుకోదు. అంతకుముందు ఊరికి నీరిచ్చే హుస్సేన్‌సాగర్, మీరాలం చెరువులు చాలక, పైగా చుట్టూ బస్తీలు పెరిగి మురికి చేరుతుండగా, గండిపేట నీరు కాలువ గుండా ఆసిఫ్‌నగర్ వడపోత కేంద్రానికి దానంతటదే దిగి వచ్చింది. పంపులు అక్కర్లేదు, కరెంటు ఖర్చు లేదు. పల్లం ఎటుంటే నీరటు. హిమాయత్‌సాగర్ నీరు మీరాలం వైపు చేరింది. విశ్వేశ్వరయ్య పథకంలోనూ తాగునీటికి చోటుంది కాబట్టి ఇది ఆయన ఉద్దేశానికి విరుద్ధమేమీ కాదు. అయితే నీరు వాడకంలోకి వచ్చాక లెక్క మారిపోయింది. వానాకాలం చివర చెరువు నిండితే పండగ, నిండకపోతే వేసవి గండం. ఇంజనీరు దృష్టిలో సెప్టెంబర్‌లో ఖాళీ చోటు భద్రత. నల్లా దగ్గర బిందె పెట్టుకున్న ఇల్లాలి దృష్టిలో అదే ఖాళీ చోటు కొరత. ఇద్దరిదీ న్యాయమే. కాకపోతే కొరత ఏటా గుర్తుకొస్తుంది, వరద తరానికొకసారి వస్తుంది. అందుకే గేట్లు ఇల్లాలి మాటే ఎక్కువగా విన్నాయి.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. 1908 తరవాత అంతటి వరద రాలేదు కదా, కట్టలు పని చేసినట్టే కదా, ఖాళీ చోటు గురించి ఇంత బెంగ ఎందుకు? కాగితం మీద లెక్క వేసి చూద్దాం. ఈనాటి లెక్కల్లో గండిపేట నిండు మట్టం 1790 అడుగులు, నిల్వ 3.9 టీఎంసీలు. హిమాయత్‌సాగర్ 1763.5 అడుగులు, 2.97 టీఎంసీలు. కలిపితే ఏడుకు కాస్త తక్కువ. 4.25 లక్షల క్యూసెక్కుల ప్రవాహమంటే గంటకు ఒకటిన్నర టీఎంసీ. అంటే రెండు చెరువులూ అడుగంటి ఉన్నా, ఆనాటి ఉధృతిని నాలుగున్నర గంటలకు మించి పట్టలేవు. నిండి ఉంటే, నిండు మట్టానికి పైన ఉన్న కొద్దిపాటి ఎత్తు తప్ప చెప్పుకోదగ్గ చోటే మిగలదు. మరో రకంగా చూస్తే, గండిపేట పరివాహక ప్రాంతం 738 చదరపు కిలోమీటర్లు, హిమాయత్‌సాగర్‌ది 1311. ఈ నేలంతటి మీద ఒక్క సెంటీమీటర్ నీరు జారి వస్తే 0.72 టీఎంసీ. తొమ్మిదిన్నర సెంటీమీటర్లు జారితే ఖాళీ చెరువులు రెండూ నిండిపోతాయి. శంషాబాద్‌లో ఆ రెండు రోజుల్లో కురిసింది 48 సెంటీమీటర్లు. నిజమే, అంత వాన పరివాహక ప్రాంతమంతా పడలేదు. అందులో ఐదో వంతు పడి నేల తాగకపోయినా చాలు. కాబట్టి 1908 మళ్లీ రాకపోవడానికి కట్టలు కొంత కారణమైతే, ఆ వాన మళ్లీ ఆ చోట పడకపోవడం మరికొంత కారణం. ఇందులో ఏది ఎంతో తేల్చడం కష్టం. ఆ నేల నీటిని ఎంతసేపు పట్టి ఉంచుతుందన్న దాని మీదే కట్టల శక్తి ఆధారపడి ఉందని మాత్రం ఈ లెక్క తేలుస్తుంది.

కట్టలు ఇచ్చిన ధీమాకు ఇంకో ఫలితం కూడా ఉంది. పైన నీరు ఆగిపోవడంతో కింద ఏరు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండింది, తరవాత మురుగుతో పారింది. ఎండిన ఏటి గర్భం కంటికి నేలలాగే కనిపిస్తుంది. గుడిసెలు వేసుకున్న పేదలనే దీనికి తప్పుపట్టడం మనకు అలవాటు. గౌలిగూడ దగ్గర రెండు పాయల నడుమ మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ కట్టింది ప్రభుత్వమే. ఏటి మీదుగా పోయే మెట్రో రైలు స్టేషను కూడా దాని పక్కనే ఉంది. వరద రాదన్న నమ్మకం పేదవాడికీ, ప్రణాళిక రాసిన అధికారికీ ఒక్కలాగే కలిగింది. అది కట్టలు కలిగించిన నమ్మకం. కట్ట ఎంత బాగా పని చేస్తే, దాని కింద అంతమంది చేరతారు. అది ఎప్పుడో ఒకసారి చాలకపోతే అంత నష్టం.

ఇప్పుడు కరువు వైపు చూద్దాం. 1972, 1985-86, 2002-03, 2015-16, ఈ ఏళ్లలో దక్కన్ అంతా ఎండింది. 2016 వేసవికి రెండు చెరువులూ వట్టిపోయి, నగరానికి వాటి నుంచి సరఫరా ఆగింది. ఇవి కరువు ఏళ్లు, అప్పుడు ఎండటం వింతేమీ కాదు. వింతేమిటంటే, మామూలు వాన పడ్డ ఏళ్లలో కూడా వచ్చే నీరు తగ్గుతూ వచ్చింది. హిమాయత్‌సాగర్ పరివాహక ప్రాంతం మీద పరిశోధన చేసిన జలవిజ్ఞానులు వానలో చెప్పుకోదగ్గ తగ్గుదల లేదనీ, చెరువుకు చేరే నీరు మాత్రం దశాబ్దాలుగా తగ్గిందనీ గుర్తించారు. కారణాలు కళ్లెదుటే ఉన్నాయి. చేవెళ్ల, షాబాద్, శంకర్‌పల్లి వైపు బోర్లు పెరిగాయి. భూగర్భజలం దిగిపోయింది. నేల ముందు తన దాహం తీర్చుకుని గాని వాగుకు నీరు వదలడం లేదు. వాటర్‌షెడ్ పథకాల కింద వాగులకు అడ్డంగా చెక్‌డ్యాములు, ఇంకుడు కుంటలు కట్టారు. రైతు వైపు నుంచి చూస్తే అవి మంచి పనులు. దిగువన చెరువు వైపు నుంచి చూస్తే ప్రతి చెక్‌డ్యామూ ఒక గుటక. పాత 788 చెరువులు చేసిన పనే ఇది, కాకపోతే కొత్త రూపంలో, బోరు మోటారు జత కలిసి మరింత దాహంగా. దీనికి జవాబుగా నగరం దూరం పోయింది. 1960ల్లో మంజీరా, 1990ల మొదట్లో సింగూరు, 2004 నుంచి కృష్ణ, 2015లో గోదావరి. ప్రతి కరువూ నగరాన్ని ఇంకో నది దగ్గరికి పంపింది, తిరిగి వచ్చేసరికి గండిపేట ఇంకాస్త చిన్నదైపోయింది.

ఎగువ నేల నీటిని అంతగా తాగేస్తుంటే వరద భయం తగ్గాలి కదా అన్న సందేహం సహజం. మామూలు వానకు అది నిజమే. చెక్‌డ్యాములు, కుంటలు కొద్దిపాటి వానలను మింగగలవు. అవి నిండాక పడే వానకు అడ్డు లేదు. పైగా సరిగా కట్టని కట్టలు తెగితే 221 కథే తిరిగొస్తుంది. ఆ మీద నేల స్వభావమే మారుతోంది. పొలం వానను పీల్చుకుంటుంది, కాంక్రీటు జారవిడుస్తుంది. అందువల్ల ఒకే చెరువుకు రెండు విపరీతాలూ వచ్చాయి: మామూలు ఏడు నిండదు, అసాధారణమైన రోజు ఆగదు. కట్టల దిగువన నగరంలో దీని నమూనా ఇప్పటికే చూశాం. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు పడితే హుస్సేన్‌సాగర్ కింది బస్తీలు మునిగాయి. 2020 అక్టోబర్ 13న 19 సెంటీమీటర్లు పడ్డ ఆ వారంలో పల్లెచెరువు, గుర్రం చెరువు, గగన్‌పహాడ్ అప్ప చెరువు తెగాయి. పాతబస్తీ దక్షిణ కాలనీల్లో ఎక్కువ ప్రాణాలు పోయింది మూసీ పొంగి కాదు, ఈ చిన్న చెరువులు తెగి. ఆ 13వ తేదీనే పదేళ్ల తరవాత మొదటిసారి హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. పదేళ్లు నిండని చెరువు ఒక్క రోజులో పొంగింది, ఊరి చెరువులు మళ్లీ తెగాయి. విశ్వేశ్వరయ్య నివేదిక చదివినవాళ్లకు ఇందులో కొత్తదేమీ కనపడదు.

ఆ నివేదికలోని తర్కాన్నే, బహుశా తెలియకుండానే, 1996 మార్చిలో వచ్చిన జీవో 111 చట్టం భాషలోకి తెచ్చింది. రెండు జలాశయాల నిండు మట్టం నుంచి 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, సుమారు 1.32 లక్షల ఎకరాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దంది. లేఅవుట్ వేస్తే 60 శాతం ఖాళీ స్థలానికీ రోడ్లకూ వదలమంది. భూమిలో అత్యధిక భాగం వ్యవసాయంలోనే ఉండాలన్నది దాని మూలసూత్రం. రాసినవాళ్ల దృష్టి తాగునీటి కాలుష్యం మీద ఉంది, వరద మీద కాదు. పెద్దషాపూర్ దగ్గర ఆముదం ఉత్పన్నాల పరిశ్రమ పెట్టాలన్న వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. 1999లోనూ, మళ్లీ 2000లోనూ న్యాయస్థానం ముందుజాగ్రత్త సూత్రాన్ని ఎత్తిచూపి, హాని జరగదని రుజువు చేయాల్సింది పరిశ్రమ పెట్టేవాడేనంది. దేశమంతటా పర్యావరణ న్యాయం చదివేవాళ్లు ఈ తీర్పును చదువుతారు. అది మన చెరువు గురించన్న సంగతి హైదరాబాదీల్లోనే చాలామందికి తెలియదు. కాలుష్యం కోసం గీసిన ఆ పది కిలోమీటర్ల గీత, నేలను నేలగా ఉంచి, వరదకు కూడా అడ్డుగా నిలిచింది. ఉద్దేశించని మేలు అది, కాబట్టే దాన్ని ఎవరూ లెక్క కట్టలేదు.

2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా ఆ ఆంక్షలను తొలగించినప్పుడు ప్రభుత్వం చెప్పిన కారణం నేరుగా ఉంది. నగరం తాగే నీటిలో ఈ చెరువుల వాటా 1.25 శాతం కూడా లేదు, కృష్ణా గోదావరులు ఉండగా ఇంకా ఈ కాపలా దేనికి? తాగునీరొక్కటే లెక్కలోకి తీసుకుంటే దీనికి సమాధానం చెప్పడం కష్టమే. అయితే ఈ వాదం ఒకే ఏడు లెక్క చూసుకుంది. కృష్ణ నీరు వంద కిలోమీటర్లకు పైగా, ఎత్తిపోతలతో, కరెంటు తాగుతూ వస్తుంది. గండిపేట నీరు వాలున దిగి వస్తుంది. వాడకం తగ్గిందంటే అది చెరువు చేతకానితనమా, మనం దూరపు నీటికి మరిగిన ఫలితమా? ఇంకా పెద్ద లోపం వేరే ఉంది. నీరు ఇవ్వని చెరువుకు కాపలా అక్కర్లేదంటే, నీరు ఇవ్వడమే దాని పని అన్నట్టు. కట్టిన పని అది కాదు. తాగునీటి వాటా సున్నా అయిన రోజున కూడా, 2049 చదరపు కిలోమీటర్ల మీద పడిన వాన ఈ రెండు కట్టల దగ్గరికే వస్తుంది. జీవో మారినంత మాత్రాన వాగులు దారి మార్చుకోవు. నిజానికి తాగునీటి అవసరం తగ్గితే, ఆ చోటును వానాకాలంలో ఖాళీగా ఉంచే వీలు నూరేళ్ల తరవాత మొదటిసారి దొరికినట్టు. ఆ దిక్కున ఒక్క మాటా వినపడలేదు.

రెండో ఆక్షేపణ ఇంతకంటే బరువైనది, దాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. నగరం మునగకుండా, నగరం తాగేందుకు, 84 ఊళ్ల రైతులు ఎందుకు నష్టపోవాలి? గండిపేట పక్కనే కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. మొయినాబాద్ రైతు తన పట్టా కాగితం చూసుకుని నిట్టూరిస్తే తప్పేముంది? పైగా గీత ఉన్న రోజుల్లోనూ అది అందరికీ ఒకలా లేదు. ఫామ్‌హౌస్ పేరుతో ప్రహరీలు లేచాయి, ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి, కల్యాణ మండపాలు వచ్చాయి. ప్రభుత్వ అనుమతితోనే శంషాబాద్‌లో 2008లో అంతర్జాతీయ విమానాశ్రయం తెరుచుకుంది. 1908లో 18.9 అంగుళాల వాన కొలిచిన ఊరు అది. ఇప్పుడు ఆ వాన పడితే దాని కింద రన్‌వేలు, పార్కింగ్ చదునులు ఉంటాయి. రైతుకు అన్యాయం జరిగిందన్నది నిజం. అయితే ఆ అన్యాయానికి మందు గీత చెరపడమా? పొలాన్ని పొలంగా ఉంచినందుకు నగరం ఏటా కొంత చెల్లించడం ఇంకో దారి. నీటి బిల్లులో ఒక చిన్న పద్దు చాలు. ముప్పై ఏళ్లలో ఏ పార్టీ ప్రభుత్వమూ ఆ ఊసెత్తలేదు. ఆంక్ష పెట్టడం తెలిసింది, ఎత్తెయ్యడం తెలిసింది, ఈ రెంటి నడుమ ఉన్న పరిహారం అనే మాట మాత్రం తెలియలేదు. గీత చెరిగితే లాభపడేది కూడా ఇప్పటికే భూమి అమ్ముకున్న రైతు కాదు, కొనిపెట్టుకున్నవాడు.

మూడో అవసరం, విహారం, ఈ కథలోకి ఆలస్యంగా వచ్చినట్టు కనిపిస్తుంది గాని, మొదటి నుంచీ ఉంది. గండిపేట నీళ్ల మీదికి చూస్తూ నిజాం కట్టించిన వేసవి విడిది సాగర్‌మహల్ ఇప్పటికీ ఉంది. కట్ట మీద ఆదివారం షికార్లు, టిఫిన్ డబ్బాలు విప్పుకునే కుటుంబాలు, చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణలు చేసి, వీసా వస్తే నూటెనిమిది తిరుగుతామని మొక్కుకుని, తిరుగుదారిలో చెరువు చూసి వెళ్లే కుర్రకారు, ఇదంతా నగరం తన చెరువుతో పెట్టుకున్న చుట్టరికం. దాన్ని తప్పుపట్టడం రసజ్ఞత కాదు. ఊరి జనానికి నీటి ఒడ్డున కూర్చునే చోటు ఉండాలి. అలా కూర్చున్నవాళ్లే రేపు చెరువు కోసం మాట్లాడతారు కూడా. 2022లో ఒడ్డున పార్కు తెరిచారు, జనం వస్తున్నారు, మంచిదే. చుట్టంగా వచ్చిన విహారం ఇంటి యజమాని అయినప్పుడే చిక్కు. చెరువు కనిపించే విల్లాకు ధర ఎక్కువ. ఆ ధర నిలవాలంటే నీరు ఎప్పుడూ కనిపించాలి, గుమ్మం ఎక్కకూడదు. చెరువు సహజంగా చేసే రెండు పనులూ, వేసవిలో వెనక్కి తగ్గడం, వానల్లో ముందుకు రావడం, ఈ ధరకు శత్రువులే. వరస కరువుల్లో నీరు వెనక్కి పోయినప్పుడు శిఖం భూమి బయటపడుతుంది. అది నాలుగేళ్లు ఎండితే ప్లాటు అనిపిస్తుంది. 2024 ఆగస్టులో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ యంత్రాలు ఖానాపూర్, చిలుకూరు వైపు నిండు మట్టం లోపలి కట్టడాలను కూల్చినప్పుడు బయటపడింది ఈ సంగతే. కరువు భూమిని చూపించింది, విహారం దానికి వెల కట్టింది, వరద ఒకటే ఇంకా లెక్కలోకి రాలేదు.

2025 సెప్టెంబర్‌లో అదీ వచ్చింది. ఆ నెల 8న గండిపేట ఒడ్డునే గోదావరి రెండు, మూడు దశల పథకానికి శంకుస్థాపన జరిగింది. ఖర్చు 7,360 కోట్లు. తెచ్చే 20 టీఎంసీల్లో రెండున్నర టీఎంసీలు ఈ జంట జలాశయాలు నింపి, కిందికి వదిలి, మూసీ ఒడ్డు సుందరీకరణకు శుభ్రమైన నీరు పారించడానికి. కుళ్లిన ఏరు బాగుపడాలనడంలో ఎవరికీ పేచీ లేదు. అయితే తోట కోసం చెరువు నింపడమంటే విశ్వేశ్వరయ్య క్రమం తలకిందులు కావడమే. వేసవిలో నింపి, ఆగస్టుకల్లా దించేసే నియమం పెట్టుకుంటే రెండూ కుదరవచ్చు. ఆ నియమం రాతలో ఉండాలి, గేటు దగ్గర ఉన్న ఇంజనీరుకు దాన్ని పాటించే అధికారం ఉండాలి. శంకుస్థాపన రోజు ఉపన్యాసాలన్నీ ఎంత నీరు తెస్తామన్న దాని మీదే సాగాయి. సరిగ్గా పద్దెనిమిది రోజులకు, 26న, వికారాబాద్, రంగారెడ్డి వైపు వానలకు రెండు చెరువులూ నిండి గేట్లు ఎత్తారు. వదిలిన నీరు 30 వేల క్యూసెక్కుల పైచిలుకు. 1908 ఉధృతిలో పన్నెండో వంతు కూడా కాదు. ఆ రాత్రి చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ బస్తీల్లోకి నీరు చేరింది. గౌలిగూడ పాయల నడుమ బస్‌స్టేషన్ ప్లాట్‌ఫారాల మీదికి మూసీ ఎక్కింది. దసరాకు ఊళ్లకు బయల్దేరిన ప్రయాణికులను బయటికి పంపి, బస్సులను వేరే చోట్ల నుంచి నడిపారు.